వాక్కాయ ముళ్లు బయటపెట్టిన రహస్యం

తుమ్మెదకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, గోరింకలు, అలుగులు, ఒక చిరుతపులి ఉండేవి. ఆ అడవిలో ఏది పోయినా వెతికిపెట్టేవాళ్లు ఇద్దరే. ఒకడు గోరింక పలుకులయ్య. ఇంకొకతె, ఒళ్లంతా గట్టి పొలుసులున్న అలుగు పొలుసమ్మ. పలుకులయ్య ఎగిరెళ్లి చిటికెలో పని ముగించేవాడు. పొలుసమ్మది నత్తనడక. అందుకే అందరూ గోరింక గూటికే పరుగెత్తేవారు.

వెతికేవాళ్లకు అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పని ఒప్పుకునే ముందు తడి పుట్టమన్ను ముద్ద మీద పని చెప్పినవాళ్లు, వెతికేవాళ్లు ఇద్దరూ కాలు అద్దాలి. "చూసింది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పను" అని వెతికేవాళ్లు ఒట్టు వేయాలి.

ఒకరోజు పొద్దున్నే దుప్పి చుక్కమ్మకు తన బిడ్డ కనబడలేదు. తల్లి ప్రాణం ఊరుకుంటుందా? ఏడుస్తూ పలుకులయ్య దగ్గరికి వచ్చింది.

"అన్నా, చిరుత కంట పడకముందే నా బుజ్జిగాణ్ణి వెతికిపెట్టు!"

"ఓస్, ఇంతేనా!" అంటూ పలుకులయ్య ఆమెతో పాటు మట్టిముద్ద మీద కాలు అద్ది, ఒట్టు వేసి, తుర్రుమన్నాడు.

మధ్యాహ్నానికల్లా కబురు తెచ్చాడు. బుజ్జిగాడు పాములవాగు ఒడ్డున వాక్కాయ పొదల్లో ఉన్నాడు. కాలు బెణికి నడవలేకపోతున్నాడు. చుక్కమ్మ వెళ్లి బిడ్డను ఒళ్లంతా నాకింది. పొదలోనే దాచి, నీళ్లు తాగడానికి మడుగుకు వచ్చింది.

అక్కడ పలుకులయ్య రెక్క విప్పుకుని కూర్చున్నాడు. చుట్టూ జనం!

"ఎవరి పనో చెప్పను. ఒట్టంటే ఒట్టే! కానీ చూడండి, ఈ వాక్కాయ ముళ్లు ఎలా దిగాయో! ఒక తల్లి కన్నీళ్లు తుడవడమంటే మాటలా?"

చుక్కమ్మ నీళ్లు తాగడం ఆపేసింది. అడవి మొత్తంలో వాక్కాయ పొదలున్నది ఆ వాగు ఒడ్డునే. పైకి చూస్తే, కొమ్మ మీద పడుకున్న చిరుత మెల్లగా కిందికి దిగుతోంది.

చుక్కమ్మ అడ్డదారిన పరుగెత్తింది. వాగు దగ్గరే పొలుసమ్మ బొరియ.

"అక్కా, నా బిడ్డను కాపాడు! ముందు మట్టి కలపనా?"

"మట్టి సంగతి తర్వాత చూద్దాంలే తల్లీ, ముందు వాణ్ణి తీసుకురా!"

బుజ్జిగాడు కుంటుకుంటూ వచ్చి బొరియలో దూరాడు. పొలుసమ్మ ఉండలా చుట్టుకుని బొరియకు అడ్డంగా పడుకుంది. చుక్కమ్మ బండ చాటున నక్కింది.

చిరుత వచ్చింది. "పొలుసమ్మా, దుప్పిపిల్ల ఎటు పోయింది? చెబితే మూడు చెదపుట్టలు చూపిస్తా."

చెదలంటే పొలుసమ్మకు ప్రాణం. అయినా నోరు విప్పలేదు. చిరుత కోపంతో పట్టి కొరికింది. పొలుసులు తగిలి దాని పళ్లు జివ్వుమన్నాయి. మూలుగుతూ వచ్చిన దారినే పోయింది.

మూడో రోజుకు బుజ్జిగాడు గంతులేశాడు. చుక్కమ్మ పలుకులయ్య ముందే ఆ మట్టిముద్దను కాలితో చిదిమేసింది.

"అదేంటి? నేను పేరు చెప్పలేదుగా!"

"నువ్వు చెప్పలేదులే. నీ ముళ్లు చెప్పాయి."

ఆ తర్వాత పలుకులయ్య గూటికి ఒక్కరూ రాలేదు. పొలుసమ్మ బొరియ ముందు మాత్రం మట్టిముద్రలు వరుస కట్టాయి. తొలకరి పడ్డాక పలుకులయ్య తల వంచుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. "అక్కా, నాకూ నేర్పవూ?"

పొలుసమ్మ నవ్వి తడిమట్టి ముందుకు తోసింది. "ఇవాళంతా తిరిగి రా. ఏం చూశావో నాకు కూడా చెప్పకు. అదే మొదటి పాఠం!"

పలుకులయ్య మట్టి మీద కాలు అద్దాడు. ముక్కు గట్టిగా మూసుకుని ఎగిరాడు.

నీతి: పేరు దాచినంత మాత్రాన రహస్యం దాచినట్టు కాదు, దాని జాడ చెప్పే గొప్పలు కూడా మానుకున్నవాణ్ణే లోకం నమ్ముతుంది.