ముంతలో నురగ

అనగనగా ఒక రాజ్యం. ఈ కథలో రాజుగారున్నారు, రాణిగారున్నారు, ఒక మూత్రం ముంత కూడా ఉంది. ముక్కు మూసుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. ఎవరూ లేవలేదా? సరే, వినండి.

కంకణవరం రాజ్యంలో వకుళ అనే వైద్యురాలు ఉండేది. ఆమె చూసేది పిల్లల్నే, అందులోనూ మూత్రపిండాల జబ్బున్న పిల్లల్నే. పొద్దున వైద్యం, మధ్యాహ్నం పాఠం, సాయంత్రం శోధన. ఆమె పాఠశాలలో మొదటి పాఠం ఏమిటో తెలుసా? పసిపిల్లల మూత్రాన్ని ముంతలో పట్టి వెలుగులో చూడడం. మొహం చిట్లించిన శిష్యుడు మర్నాడు కనిపించేవాడు కాదు.

ఊరివాళ్ళు ఆమెకు ఉచ్చముంతమ్మ అని పేరు పెట్టారు.

"పెట్టుకోనివ్వండి. బిడ్డ ఒంట్లో సంగతి అందరికంటే ముందు చెప్పేది ఆ ముంతే," అనేది వకుళ.

రాజు రణధీరుడికి ఒక్కతే కూతురు, ఐదేళ్ళ మంజీర. ఒకనాడు ఆ పిల్ల ఉబ్బిన కళ్ళతో నిద్ర లేచింది. "ఎంత నిద్రపోయిందో బంగారుతల్లి!" అన్నారు దాసీలు.

మర్నాడు బుగ్గలు బూరెల్లా పొంగాయి. "పుష్టి ప్రభూ, పుష్టి! అంతా నా లేహ్యం మహిమ," అన్నాడు ఆస్థాన వైద్యుడు గజాననుడు.

మూడోనాడు కాళ్ళు పొంగాయి. "అందెలు కరుస్తున్నాయే అమ్మా," అని ఏడ్చింది మంజీర. రాజుగారు మురిసిపోయి, పెద్ద అందెలు చేయించమన్నారు.

రాణి హంసావళి మాత్రం మురవలేదు. పిల్ల అన్నం ముట్టడం లేదు. పడుకుంటే ఆయాసపడుతోంది. తినని పిల్ల లావెక్కడమేమిటి? రాణి వెంటనే వకుళకు కబురు పంపింది.

వకుళ సభకు వచ్చి మంజీర కాలిని బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు. ముంత తెప్పించింది. గజాననుడు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు. ముంతలో తెల్లని నురగ. ఎంతసేపు చూసినా కరగని నురగ.

"ఇది పుష్టి కాదు ప్రభూ, నీరు. ఒంట్లో నిలవాల్సిన సారాన్ని మూత్రపిండాలు బయటికి వదిలేస్తున్నాయి."

"తగ్గుతుందా?" అన్నాడు రాజు.

"చాలామంది పిల్లలకు తగ్గింది."

"మళ్ళీ రాదుగా?"

"రావచ్చు."

"అసలెందుకు వచ్చింది?"

"తెలియదు ప్రభూ. వెతుకుతున్నాను."

గజాననుడు పకపకా నవ్వాడు. "తెలియదట! తెలియనిదానికి వైద్యమెలా చేస్తావమ్మా? ప్రభూ, నాకు తెలుసు, ఇది దిష్టి. ఒక్కసారి తీస్తే మళ్ళీ జన్మలో రాదు."

"నిన్న పుష్టి అన్నారు, ఇవాళ దిష్టి అంటున్నారు," అంది రాణి. "రేపేమంటారో వినే ఓపిక నాకు లేదు. తెలియదన్న మనిషి చేతిలోనే నా బిడ్డను పెడతాను."

రాజు మొహం ఎర్రబడింది. "సరే. కానీ వకుళా, జబ్బు తిరిగొచ్చిందో, నువ్వీ రాజ్యంలో ఉండవు."

వకుళ మందు మొదలుపెట్టింది. ఉప్పు మాన్పించింది. "ఆవకాయ ఒక్క ముక్కే!" అని మంజీర బతిమాలితే రాణి అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది. రోజూ ముంత, రోజూ నురగ, రోజూ భయం. ఒక ఉదయం మాత్రం నురగ లేదు. మెల్లగా నీరు దిగింది. పాత అందెలు మళ్ళీ సరిపోయాయి.

రాజు పొంగిపోయాడు. "జబ్బు పోయిందని దండోరా వేయిస్తాను!"

"తగ్గింది ప్రభూ. పోయిందని చెప్పలేను." వకుళ ముంతను రాణి చేతికిచ్చింది. "అమ్మా, ఇకపై రోజూ పొద్దున్నే మీరే చూడండి. ఒళ్ళు ఉబ్బకముందే ఇది చెబుతుంది."

రాణి కొంగు బిగించి నేర్చుకుంది. దాసీలు చాటుగా నవ్వుకున్నారు.

వానాకాలం వచ్చింది. మంజీరకు జలుబు చేసింది. మొహం బాగుంది, ఆటలూ బాగున్నాయి. కానీ ముంతలో నురగ!

రాణి ముంతతోనే వకుళ దగ్గరికి పరుగెత్తింది. "రాజుగారికి తెలిస్తే నిన్ను వెళ్ళగొడతారు. చాటుగా మందిద్దామా?"

వకుళ ముందు మంజీరకు మందు పట్టించింది. తరువాత లేచింది. "దాచొద్దమ్మా. వైద్యురాలే దాస్తే, రేపు ఇంకో తల్లి తన బిడ్డ జబ్బు దాస్తుంది. పదండి."

సభలో నిలబడి, "తిరిగొచ్చింది ప్రభూ," అంది.

"ఓడిపోయింది!" అని ఎగిరి గంతేశాడు గజాననుడు.

రాణి ముంతను రాజు ముందు పెట్టింది. "రావచ్చని ఈమె ముందే చెప్పింది. అందుకే ఈసారి ఒళ్ళు ఉబ్బకముందే పట్టుకున్నాం. మళ్ళీ రాదన్న మాట నమ్మి కూర్చుంటే, మన పిల్ల ఇవాళ ఇలా గెంతుతుండేదా?"

రాజు సింహాసనం దిగి, ముంతను తన చేత్తోనే వెలుగులోకి ఎత్తాడు. "నురగ ఎలా ఉంటుందో నాకూ చూపించు వకుళా," అన్నాడు.

ఆ జబ్బు మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. ప్రతిసారీ కోట ఊపిరి బిగబట్టింది. వకుళ జుట్టు నెరిసింది. ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు సగం జవాబే దొరికింది. మిగతా సగం వెతకడానికి వకుళ పాఠశాలలో ముందు వరసలో వచ్చి కూర్చుంది, పెరిగి పెద్దదైన మంజీర, ఒళ్ళో ముంత పెట్టుకుని.

అన్నీ తెలుసనేవారి ధీమా కంటే, తెలియనిది తెలియదని చెప్పి వెతికేవారి నిజాయితీయే బిడ్డ ప్రాణాన్ని కాపాడుతుంది.