ముళ్ళపంది ఇంట్లో కుందేలు పిల్ల

అనగనగా ఒక ఎండిపోయిన అడవి. వరసగా రెండేళ్ళు వానలు పడలేదు, అందుకే ఎండిపోయింది. అంతకు మించి వేరే కారణమేమీ లేదు పిల్లలూ. ఈ మాట మీరైనా గుర్తుపెట్టుకోండి. ఆ అడవిలో ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ అడవిని తోడేళ్ళు ఏలేవి. మేత లేదని అందరూ సణగడం మొదలుపెట్టేసరికి తోడేళ్ళ దొర ఒక పెద్ద బండ ఎక్కాడు.

"గడ్డంతా కుందేళ్ళే తినేశాయి. ఆ పొడుగు చెవులతో మన మాటలన్నీ చాటుగా వింటాయి కూడా. వాటి పాపం వల్లే వాన మొహం చాటేసింది" అన్నాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఒక దుప్పి ఒక పూట మేసే గడ్డి కుందేలు ఇంటిల్లిపాదికీ ఎన్నో రోజులు వస్తుంది. ఆ సంగతి దుప్పికి తెలియదా? తెలుసు. అయినా నోరు మెదపలేదు. తోడేళ్ళంటే తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. మరి నాలుగు కాళ్ళూ కళ్ళారా చూసినవాళ్ళకి ఏమొచ్చింది?

"రేపు పొద్దున్నే కుందేళ్ళన్నీ కొండ అవతలికి నడవాలి. అక్కడ కొత్త మేత ఉంది" అన్నాడు దొర.

ఏటి ఒడ్డు కుందేళ్ళు అంతకు ముందే ఆ కొత్త మేతకి వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ అడవిలో పింజ అనే కుందేలు పిల్ల ఉంది. ఆ సాయంత్రం పింజ వాళ్ళమ్మ బిడ్డను వెంటబెట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్ళకు బయలుదేరింది. ముందుగా దుప్పి ఈరన్న దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, నా సంగతి ఎలా ఉన్నా ఫరవాలేదు. ఈ పిల్లని దాచిపెట్టు" అంది.

"అయ్యో చెల్లెమ్మా, నిన్ను చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. కానీ పిల్లలు గలవాణ్ణి, ఏం చెయ్యను?" అన్నాడు ఈరన్న. వెంటనే, "ఇంతకీ మీరు వెళ్ళాక ఆ గడ్డి నేల ఖాళీయే కదా? దాన్ని నేను చూసుకుంటాలే" అన్నాడు.

తర్వాత ముంగిస మాణిక్యం ఇంటికి వెళ్ళింది. మాణిక్యం తలుపు సందులోంచే, "నేను నిన్ను చూడలేదు, నీ మాట వినలేదు. వెళ్ళిపో అక్కా!" అని తలుపు మూసేసింది.

ఇక మిగిలింది ముళ్ళపంది రేగమ్మ ఇల్లు. గుట్ట కింద పెద్ద బొరియ అది. కుందేలు ఇంటికీ ఆ ఇంటికీ ఎప్పుడూ రాకపోకలు లేవు. కుందేలు చెప్పబోతుంటే రేగమ్మ అడ్డుపడి, "అదంతా సరే గానీ, బిడ్డ ఏమైనా తిన్నదా?" అని అడిగింది.

"లేదు."

"అయితే లోపలికి పంపు. ముందు ఆ సంగతి చూద్దాం" అంది.

కుందేళ్ళలో ఒక పద్ధతి ఉంది. తల్లి మేతకు పోయేటప్పుడు బిడ్డని గడ్డిలో కూర్చోబెట్టి, "కదలకు, మాట్లాడకు. ఏదొచ్చినా రాయిలా ఉండు. నేను వస్తాను" అని చెబుతుంది. చెప్పినట్టే పొద్దుగూకే వేళకి వస్తుంది. ఆ రోజు కూడా పింజ వాళ్ళమ్మ ఆ మాటే చెప్పింది. చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

తెల్లారగానే తోడేళ్ళు కుందేళ్ళన్నిటినీ కొండ అవతలికి నడిపించుకుపోయాయి. పింజకి ఆ కొత్త ఇల్లు అస్సలు నచ్చలేదు. కుందేళ్ళు ఆకాశం కింద పడుకుంటాయి. ఇక్కడ పైకి చూస్తే మట్టి, ఆ మట్టిలోంచి వేలాడే వేర్లు. రేగమ్మ కూతురు చురకకి సంతోషం వచ్చినా, కోపం వచ్చినా ముళ్ళు గలగలలాడించే అలవాటు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా పింజ మూలకి నక్కేది. ఒకరోజు రేగమ్మ ఎముక కొరుకుతూ కనిపించింది. పింజ వెనక్కి జరిగి, "అది ఎవరిది?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు తల్లీ. దుప్పి రాల్చుకున్న కొమ్ము. పళ్ళు అరగదీసుకోవడానికి కొరుకుతున్నాను" అంది రేగమ్మ. పింజ నమ్మలేదు. అడవిలో అంతమంది అన్ని అబద్ధాలు చెప్పాక పసిపిల్ల ఎవర్ని నమ్ముతుంది చెప్పండి?

రేగమ్మ రాలిన ముళ్ళు ఏరి, తుమ్మబంకతో పింజ వీపంతా అతికించింది. చెవులు వెనక్కి మడిచి బంక రాసింది.

"ఇప్పటినుంచి నీ పేరు ముల్లమ్మ" అంది.

"కాదు. పింజ" అంది పింజ.

"బయట ఎవరైనా వింటే ముప్పు తల్లీ."

"తప్పు చేసింది వాళ్ళు. పేరు మార్చుకోవాల్సింది నేనా?"

 ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? చివరికి రేగమ్మ, "ఇంట్లో నువ్వు పింజవే. గుమ్మం దగ్గర మాత్రం ముల్లమ్మవి" అని ఒప్పించింది.

ముళ్ళపందుల పద్ధతి నేర్పే పని చురక తీసుకుంది. "శత్రువు వస్తే వెంటనే వీపు తిప్పాలి. ముళ్ళు లేపాలి. గలగలలాడించాలి" అంది.

"ఎదుటివాళ్ళకి వీపు చూపించడం మర్యాదా?" అంది పింజ.

"ఎదుటివాడు తోడేలైతే అదే మర్యాద!" అంది చురక.

రోజూ సాయంత్రం పింజ బొరియ నోటి దగ్గర కదలకుండా కూర్చునేది. "మీ అమ్మ రేపు వస్తుందిలే" అనేది రేగమ్మ. ఒకరోజు పింజ అగ్గి మీద గుగ్గిలమైంది.

"నిన్న కూడా రేపే అన్నావు! మొన్న కూడా రేపే అన్నావు! నువ్వూ అబద్ధాలే చెబుతున్నావు!"

రేగమ్మ దాని ఎదురుగా కూర్చుంది. "నిజమే. మీ అమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. వస్తుందో రాదో కూడా తెలియదు. ఇకమీదట నీకు అబద్ధం చెప్పను" అంది.

పింజ చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత రేగమ్మ తెచ్చిన గడ్డి మొత్తం తినేసింది. ఆ ఇంట్లో అది కడుపునిండా తినడం అదే మొదలు.

ఆ గడ్డే కొంప ముంచింది. ముళ్ళపందులు దుంపలు తింటాయి, వేర్లు తింటాయి. మరి రేగమ్మ గడ్డి పరకలు ఎవరి కోసం మోసుకెళుతోంది? ఈ అనుమానం వచ్చింది ఎవరికనుకున్నారు? మాణిక్యానికి! ఆ రోజు ఏదీ చూడని, ఏదీ వినని ముంగిసకి ఇప్పుడు ఎక్కడలేని కళ్ళూ చెవులూ పుట్టుకొచ్చాయి. వెళ్ళి దొర చెవిన వేసింది.

పొద్దు వాలుతుండగా దొర బొరియ ముందుకు వచ్చాడు. "అందరూ బయటికి రండి!" అని అరిచాడు. రేగమ్మ, చురక, పింజ బయటికి వచ్చారు. చుట్టూ పొదల చాటున ఇరుగుపొరుగువాళ్ళు నక్కి చూస్తున్నారు.

దొర గుర్రుమన్నాడు. రేగమ్మ వీపు తిప్పింది. చురక వీపు తిప్పింది. పింజ తిప్పలేదు. చురక నేర్పినదంతా మర్చిపోయింది. అమ్మ నేర్పినట్టు రాయిలా ఉండిపోయింది, దొర మొహంలోకి చూస్తూ.

దొర నవ్వాడు. "నాకు మొహం చూపించే ముళ్ళపందిని ఇప్పుడే చూస్తున్నాను. రేగమ్మా, నీతో నాకు పేచీ లేదు. దాన్ని ఇటు తోసెయ్. ఏటి ఒడ్డు దుంపలన్నీ నీవే. తోయనంటావా, దానితోపాటు నీ కూతురూ పోతుంది."

రేగమ్మ చురకని చూసింది. పింజని చూసింది.

"చురకా, పింజా, ఇద్దరూ లోపలికి నడవండి" అంది.

గుమ్మం దగ్గర, అందరూ వింటుండగా, ఆ పేరు పెట్టే పిలిచింది! ఇక దాచడానికేముంది?

దొర పింజ మీదికి దూకాడు. ముళ్ళపంది వెనక్కి పరిగెత్తి పొడుస్తుందని ఆ తొందరలో మర్చిపోయాడు. రేగమ్మ వెనక్కి ఒక్క ఉరుకు ఉరికి అడ్డుపడింది. ముళ్ళన్నీ దొర ముక్కులో, పెదాల్లో, నాలుకలో దిగాయి. ఆ పెనుగులాటలో రేగమ్మ కాలు చీరుకుపోయింది, అయినా తను పక్కకి జరగలేదు. దొరకి నోరు తెరిస్తే నొప్పి, మూస్తే నొప్పి. అంతేసి అబద్ధాలు చెప్పిన నోటి నుంచి ఒక్క మాటా రాలేదు. కుంయ్ కుంయ్ మంటూ పారిపోయాడు. దొర గతి చూసి మిగతా తోడేళ్ళు కూడా అడవి వదిలిపోయాయి.

మర్నాడు చూడాలి సంబరం! పళ్ళు పట్టుకుని అందరూ రేగమ్మ గుమ్మానికి వచ్చారు.

"మాకు కుందేళ్ళంటే మొదటినుంచీ ప్రాణమే" అన్నాడు ఈరన్న.

"నేనేమైనా కావాలని చెప్పానా? పొరపాటున నోరు జారాను" అంది మాణిక్యం.

పింజ బయటికి వచ్చింది. వీపు మీద ముళ్ళు లేవు. చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"మా వాళ్ళని మీ ఇళ్ళ ముందునుంచే నడిపించారు కదా. అప్పుడు మా అమ్మ మిమ్మల్ని కేకేసింది. ఈరన్నా అంది. మాణిక్యమా అంది. నేను బొరియలో ఉన్నాను, నాకే వినపడింది. మీకు వినపడలేదా?"

అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"అందరి పేర్లూ పిలిచింది అమ్మ. నా పేరు ఒక్కటే పిలవలేదు. పిలిస్తే నేను బయటికి పరిగెత్తుకొస్తానని అమ్మకి తెలుసు" అంది పింజ.

ఈరన్న తల వంచుకున్నాడు. మాణిక్యం మెల్లగా వెనక్కి జరిగింది. "జరిగిందేదో జరిగిపోయింది, ఈ పండు తిను తల్లీ" అని ఎవరో అన్నారు. పింజ ఆ పళ్ళని తాకలేదు. రేగమ్మ కాలి గాయానికి ఆకు పసరు పెట్టాల్సిన వేళైందని లోపలికి వెళ్ళిపోయింది.

నీతి: కళ్ళ ముందు అన్యాయం జరుగుతుంటే 'మనకెందుకు' అని తలుపు వేసుకున్నవాడు మంచివాడు కాడు, ఆ అన్యాయానికి కాపలా కాసినవాడే.