గుండ్రటి ఊరికి ముహూర్తం

వేణుగిరి రాజు ఉదయభానుడికి ఒకనాటి పొద్దున తన పట్టణం మీదే విసుగు పుట్టింది. కోట బురుజెక్కి చూస్తే ఏముంది, ఒక వీధి వంకర, ఇంకొకటి అష్టవంకర. కుమ్మరులు ఒక పక్క, బట్టల అంగళ్లు ఒక పక్క, ఎవరి ఇష్టం వారిదే.

"దీనికొక ఒద్దిక తేగలవారెవరైనా ఉన్నారా?" అని సభలో అడిగాడు.

విద్యాధరశాస్త్రి అప్పటికే లేచి నిలబడ్డాడు. అడగకముందే లేవడం ఆయనకు అలవాటు. ముగ్గుపిండితో నేల మీద ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ చుట్లు గీశాడు.

"నడుమ మహారాజు. మొదటి చుట్టులో మంత్రులు, మాబోటి పండితులు. తర్వాత వర్తకులు. ఆ తర్వాత సామాన్యులు. చప్పుడు చేసేవాళ్లు, ఘాటు లేపేవాళ్లు కట్టకడపటి చుట్టులో. మిమ్మల్ని చూసి పట్టణమంతా ప్రదక్షిణం చేస్తున్నట్టు ఉంటుంది ప్రభూ."

రాజు మురిసిపోయాడు. "ఎక్కడ మొదలెడదాం?"

"కారపు వీధితో." శాస్త్రి విదూషకుడు పేరన్న వైపు ఓరగా చూశాడు. "మిరపకాయలు దంచేవాళ్లను ఊరి చుట్టూ సర్దేసి, ఆ వీధిని పడగొడదాం. మొదటి గునపం పోటు పేరన్న గోడకే. మొన్న నా తలపాగాను చూపించి సభను నవ్వించినందుకు కాదు సుమా."

సభ పకపకలాడింది. పేరన్న కూడా నవ్వాడు. కాని ఆ గోడ పోతే తలదాచుకోను అతనికి మరో నీడ లేదు.

ఇంటికెళ్లి చెబితే భార్య గవరమ్మ అన్నం వడ్డిస్తూ అంది. "ఊరందరినీ నవ్విస్తావు గదా, గోడ కూలేటప్పుడు నన్ను కూడా నవ్వించు."

"వేళాకోళం తర్వాత. ఇన్నేళ్లుగా ఈ వీధిలో కాపరం చేస్తున్నామే, నీకెప్పుడైనా ఘాటుకు తుమ్మొచ్చిందా?"

"ఎందుకొస్తుంది? వీధి ఊరికి తూర్పు కొసన, మనం వీధికి పడమటి వైపున ఉన్నాం. గాలి ఆ ఘాటునంతా తూర్పున ఏట్లోకి తోసేస్తుంది."

పేరన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "మళ్లీ అను."

"ఇల్లు పోతోందనుకుంటే చెవులూ పోయాయా?"

మర్నాడు సభలో పేరన్న చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"శాస్త్రిగారి ఆలోచన భేషు ప్రభూ. ఒక్క మనవి. చుట్టన్నాక ఎక్కడా తెగకూడదు. తూర్పున రోళ్లుండి పడమట లేకపోతే అదేం చుట్టు?"

"నా గీత ఎక్కడా తెగదు," అన్నాడు శాస్త్రి. "నాలుగు దిక్కులా రోళ్లుండాల్సిందే."

"మరి ముహూర్తం వేళకు దంపుడు కూడా సాగుతుండాలి గదా. వట్టి రోళ్లు చూస్తే జనం తమరిని ఏమనుకుంటారు?"

"సాగుతుంది. ఎంత కావాలంటే అంత దంచమను."

అవి ఆవకాయ రోజులు. దంచేవాళ్లకు మిరపకాయల కొరత లేదు.

ముహూర్తం రోజున పేరన్న ఇంటి ముందు పందిరి వేశారు. రాజు వచ్చాడు, ఊరంతా వచ్చింది. ఊరి చుట్టూ రోకళ్లు దబదబమంటున్నాయి. శాస్త్రి గునపం ఎత్తాడు.

మంత్రి తుమ్మాడు.

పని మొదలెట్టేటప్పుడు ఎవరైనా తుమ్మితే వేణుగిరిలో అందరూ కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి, మళ్లీ లేవాలి. ఈ ఆచారం విషయంలో శాస్త్రి అంత పట్టుదల ఇంకెవరికీ లేదు. తుమ్ము వినబడిందని ఒక పెళ్లివారిని పొలిమేర నుంచి వెనక్కి పంపించిన మనిషి.

అందరూ కూర్చున్నారు, తాగారు, లేచారు. గునపం లేచింది. డప్పు వాయించేవాడు తుమ్మాడు. మళ్లీ కూర్చున్నారు. ఈసారి సేనాపతి తుమ్మితే ఆయన గుర్రం కూడా తుమ్మింది. గుర్రం తుమ్ము లెక్కలోకి వస్తుందా రాదా అని శాస్త్రి తర్కించబోయి, మధ్యలో తానే తుమ్మాడు.

"గోడకు అటువైపు నుంచి కొడదాం," అన్నాడు ముక్కు పట్టుకుని. అటు వెళ్లారు. అక్కడ రాజే తుమ్మాడు. బిందెలు ఖాళీ అయ్యాయి. ముహూర్తం దాటిపోయిందని ఘడియలు చూసేవాడు తుమ్ముతూనే ప్రకటించాడు.

రాజు శాలువాతో కళ్లూ ముక్కూ తుడుచుకున్నాడు. "పేరన్నా, నిన్నటిదాకా లేని ఘాటు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"నిన్నటిదాకా కారం ఊరికి ఒక పక్కన ఉండేది ప్రభూ. గాలి ముందు మనల్ని పలకరించి, తర్వాత కారం దగ్గరికి పోయేది. ఇప్పుడు చుట్టూ ఉంది. ఎటునుంచి వచ్చినా కారం తొక్కి, ఆ కాళ్లతోనే మనింటికి వస్తోంది."

"అయితే ఈ ఊళ్లో తుమ్ము రాని చోటే లేదా?"

"ఒకటుంది ప్రభూ. పడమటి చుట్టు దాటి, ఊరి బయట. సింహాసనం అక్కడ వేయించమంటారా?"

రాజు నవ్వబోయి తుమ్మాడు, తుమ్మబోయి నవ్వాడు. సభవారు నవ్వాలో కూర్చోవాలో తెలియక రెండూ చేశారు.

"రోళ్లన్నీ వెనక్కి తెండి. ఈ వీధిలో ఒక్క ఇటుక కదలకూడదు," అన్నాడు రాజు.

"మరో మంచి ముహూర్తం పెడతాను ప్రభూ," అన్నాడు శాస్త్రి.

"పెట్టు. ఆ పడమటి రోళ్ల పక్కన కూర్చుని, తుమ్మకుండా లెక్క కట్టి తీసుకురా."

గవరమ్మ నవ్వు గోడ దాటి వినబడింది. రాజు సంబరంగా తన శాలువా తీసి పేరన్న భుజాన కప్పబోయాడు. పేరన్న ఒకడుగు వెనక్కి వేసి, వినయంగా వంగాడు.

"మహాప్రసాదం ప్రభూ. తమరు ముక్కు తుడుచుకోనిది ఏదైనా ఉంటే ఇప్పించండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు.