గుర్రంతోక గడ్డి, వంగని రాజు

అనగనగా ఒక ఏటి ఒడ్డు ఊళ్ళో ఒక గడ్డి ఉండేదర్రా. పువ్వు లేదు, కాయ లేదు, ఒట్టి కణుపులే. సన్నగా, పచ్చగా గుర్రంతోకలా ఉండేది. ఇసక కింద గుర్రాలు నిద్రపోతున్నాయనీ, తోకలొక్కటే బయటికున్నాయనీ చెప్పుకొనేవారు. పొద్దున్నే మంచులో అవి మెల్లగా ఊగుతుంటే నిజమేననిపించేది. ఊ కొడుతున్నారా?

ఆ ఊళ్ళో గవరమ్మని ఒకతె. మొగుడు అప్పలకొండ రాజుగారి గుర్రాలకి మాలీషు చేసేవాడు. గవరమ్మ ఆ గడ్డితో చెంబులు తోమేది, దెబ్బ తగిలితే పచ్చిది నూరి కట్టేది. నెత్తురు ఠక్కున ఆగేది. దానికో పద్ధతుంది. గాయమైనవాళ్ళే వంగి, తల్లీ ఒక్క కణుపియ్యి అని అడిగి తుంచుకోవాలి. వేరు పీకకూడదు.

రాజుగారి కాలికి గాయమైంది. నెత్తురు ఆగదు. మా ఆవిడ ఆపేస్తుంది ప్రభో అన్నాడు అప్పలకొండ, మీసం దువ్వి. గడ్డి తెమ్మని రాజు మంత్రికి చెప్పె, మంత్రి సేనాపతికి చెప్పె, సేనాపతి భటుడికి చెప్పె, భటుడు అప్పలకొండకే చెప్పె. ఒక్కడి నడుమూ వంగలేదు! ఈ తెలివితక్కువ అప్పలకొండ, రాజుకి ఒక్క కణుపేం చాలుతుందని ఒడ్డంతా వేళ్ళతో పీకి బండికెత్తాడు. కోటకి చేరేసరికి అంతా ఎండుగడ్డి. మూడోనాటికి పచ్చిది రాకపోతే వీడి తల తీసేస్తానని చెరలో వేయించాడు రాజు.

గవరమ్మ బోడి ఒడ్డున కూలబడి ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది. కలలో తెల్లటి మంచులో గుర్రాలన్నీ వెళ్ళిపోతున్నాయి. ఒక్క ఆడగుర్రం ఆగి, ఆమె అరచేతిలో మూతి పెట్టి ఇసకలోకి దిగిపోయింది. ఉలిక్కిపడి లేచి అక్కడే తవ్వితే లోతున నల్లటి వేరుముక్క! మట్టి కప్పి కడవలతో నీళ్ళు పోసింది. మూడోనాడు వేలంత మొలక.

భటులొచ్చి చెయ్యి వేయబోతే అడ్డం పడుకుంది. గాయం మీకైందట్రా? అయినవాణ్ణి రమ్మనండి అంది. రాజు పల్లకీలో వచ్చాడు.

"వంగండి బాబూ."

"రాజులు వంగరు."

"నెత్తురు మాత్రం కారుతుందే!"

బోయీలు నవ్వాపుకోలేకపోయారు. రాజు వంగి ఏదో గొణిగాడు.

"ఇంకాస్త గట్టిగా. గడ్డికి చెవుడు."

"తల్లీ, ఒక్క కణుపియ్యి!" అని అరిచాడు, కళ్ళనీళ్ళతో. తుంచాడు. గవరమ్మ నూరి కట్టింది. నెత్తురాగింది. అప్పలకొండని ఆ పూటే విడిపించారు. ఏడాదిపాటు వాడిచేత ఆ ఒడ్డుకి నీళ్ళు మోయించింది పెళ్ళాం, ఊరికే వదులుతుందా!

పల్లకీలెక్కిన వాళ్ళకి పీకడం ఒకరు నేర్పక్కర్లేదర్రా, అడగడమే నేర్పాలి. నా బతుకంతా చూశాను. మీరు మాత్రం అడిగి తీసుకోండి, కొంచెం మిగల్చండి.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.