మాటల దుంగ మీద తురాయమ్మ

అనగనగా ఒక అడవి. మన అడవి కాదు, ఆస్ట్రేలియాలో. అక్కడ ఎటు చూసినా జామాయిల్ చెట్లే. ఆ అడవి మధ్యలోంచి ఒక వాగు పోతుంది. వాగుకి ఇవతల కంగారూలు, అవతల ఈము పక్షులు. ఈము అంటే మన కోడిని పట్టుకుని మనిషంత ఎత్తుకి సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఎగరలేదు గానీ, పరుగెత్తిందంటే దుమ్ము తప్ప ఏమీ కనిపించదు.

ఈ రెండు వైపుల వాళ్లకీ ఒకటే పిచ్చి, ఫుట్‌బాల్. మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ అనుకునేరు, అది కాదు. ఈ ఆటలో మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బంతి కూడా అదే ఆకారం. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. మైదానం చివర నాలుగు గుంజలు పాతి ఉంటాయి. మధ్య రెండు గుంజల నడుమ నుంచి బంతిని తన్నితే ఆరు పాయింట్లు. ఎవరో తన్నిన బంతిని నేల తాకకముందే గాల్లో పట్టేస్తే, ఇక ఎవరూ మీద పడకూడదు. తాపీగా నిలబడి తన్నుకోవచ్చు. అలా పట్టుకోవడానికి పక్కవాడి వీపు ఎక్కి ఎగిరినా తప్పు కాదట. మన స్కూల్లో చేస్తే హెడ్మాస్టారు ఊరుకుంటారా? అక్కడ మాత్రం చప్పట్లు కొడతారు.

ఈములకి చేతులెక్కడివి, బంతి ఎలా పట్టుకుంటాయి అని నన్నడక్కండి. పట్టుకుంటాయి, అంతే.

ఏడాదికి ఒకసారి ఈ రెండు జట్లకీ పెద్ద మ్యాచ్. మ్యాచ్ ఒక్క పూటలో అయిపోతుంది. దాని గురించిన మాటలు మాత్రం మూడు రోజుల ముందే మొదలవుతాయి. వాగు మీద ఒక పెద్ద మాను అడ్డంగా పడిపోయి ఉంది. దాన్ని మాటల దుంగ అంటారు. మూడు సాయంత్రాలూ రెండు జట్ల అభిమానులు అక్కడ చేరతారు. ఒక్కొక్కరూ దుంగ ఎక్కి, ఎవరు గెలుస్తారో చెప్పాలి. ఊరికే "మేమే గెలుస్తాం" అంటే కుదరదు. ఎందుకు గెలుస్తారో చెప్పాలి. ఒకసారి చెప్పిన కారణం మళ్లీ చెప్పకూడదు. చెప్పడానికి ఏమీ లేకపోతే అవతలివాళ్లంతా "ఖాళీ! ఖాళీ!" అని అరుస్తారు. అప్పుడు తలవంచుకుని దుంగ దిగిపోవాలి.

అక్కడ పెద్దమనిషి బొరియల తాత. ఆయన వాంబాట్. పొట్టి కాళ్లు, గుండ్రటి పొట్ట, ఎప్పుడూ ఏదో ఒక బొరియ తవ్వుతూ ఉంటాడు. ఆయన "ఊఁ, తర్వాత" అంటే తర్వాతి వాళ్లు ఎక్కాలి. పై కొమ్మ మీద ఒక కూకబరా పిట్ట ఉంటుంది. దాని అరుపే నవ్వు. ఎవరేమన్నా నవ్వుతుంది, ఏమీ అనకపోయినా నవ్వుతుంది.

కంగారూల తరఫున మాట్లాడేది తురాయమ్మ. తెల్లటి కాకటూ పక్షి, నెత్తిన పసుప్పచ్చటి తురాయి. కోపమొచ్చినా, సంతోషమొచ్చినా ఆ తురాయి నిటారుగా లేస్తుంది. తురాయమ్మకి ఆటంటే ప్రాణం. ఆ ఆట గురించి వాదించడమంటే ఇంకా ప్రాణం.

ఆ ఏడాది తురాయమ్మ దగ్గర ఒక రహస్యం ఉంది. అది బుడ్డయ్యది.

బుడ్డయ్య ఒక వాలబీ. వాలబీ అంటే కంగారూ లాంటిదే, సైజు తక్కువ. అయిదేళ్ల నుంచి జట్టులో చోటు కోసం చూస్తున్నాడు. "పొట్టివాడివి, నీకు బంతి అందదురా" అని కెప్టెన్ కంగారూ ఏటా గీత బయటే కూర్చోబెట్టాడు. ఈసారి బుడ్డయ్య పట్టుబట్టాడు. మూడు నెలల పాటు రోజూ పొద్దున్నే గుట్ట వెనక సాధన చేశాడు. తురాయమ్మ గుట్ట మీంచి బంతిని ముక్కుతో కిందికి తోసేది. బుడ్డయ్య పరుగెత్తుకొచ్చి, ఒక చెట్టు మోడు మీద కాలు మోపి, అక్కణ్నుంచి గాల్లోకి లేచి అందుకునేవాడు. మ్యాచ్‌లో మోడుకి బదులు ఈము వీపు ఉంటుంది. అదీ ఉపాయం.

కెప్టెన్ వచ్చి చూశాడు. "సరే, ఈ ఒక్క మ్యాచ్ ఆడు. ఒక్క బంతి పట్టినా జట్టులో ఉంటావు. పట్టలేదా, మళ్లీ నన్ను అడగొద్దు" అన్నాడు.

"పిన్నీ, ఈ సంగతి మన ముగ్గురికే తెలుసు. బయటికి పొక్కితే నా పని అయిపోయినట్టే" అన్నాడు బుడ్డయ్య.

"నా ముక్కు మీద ఒట్టురా" అంది తురాయమ్మ. నిజంగా మనసులోంచే అంది పాపం.

మొదటి సాయంత్రం వచ్చింది. తురాయమ్మ దుంగ ఎక్కింది.

"మేమే గెలుస్తాం. మావాళ్లు ఒక్క గెంతులో మూడు బారలు దూకుతారు" అంది.

ఈముల తరఫున పొడుగప్ప లేచాడు. "దూకితే దూకండమ్మా. మాకు దూకాల్సిన పనేముంది? మెడ ఎత్తితే బంతి అక్కడే ఉంటుంది" అన్నాడు. కూకబరా పకపకా నవ్వింది.

రెండో సాయంత్రం తురాయమ్మ "మా కెప్టెన్ తన్ను చూశావా ఏమయ్యా? ఇవతల తన్నితే వాగు అవతల పడుతుంది" అంది.

"చూడకేం? పోయినేడు తన్నిన బంతి మా గూట్లోనే పడింది. గుడ్డనుకుని నేను రెండు రోజులు పొదిగాను" అన్నాడు పొడుగప్ప.

ఈముల్లో గుడ్లు పొదిగేది నాన్నలే. ఎనిమిది వారాలు కదలకుండా కూర్చుంటారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది. కూకబరా మాత్రం ఆ మాటకి కొమ్మ మీంచి పడబోయి ఆగింది.

మూడో సాయంత్రం తురాయమ్మ దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అటు చూసింది, ఇటు చూసింది. ఈములన్నీ మెడలు చాచి "ఖాళీ! ఖాళీ!" అని మొదలుపెట్టాయి.

"పోనీలే తల్లీ, దిగిపో" అన్నాడు పొడుగప్ప. "ఈసారి మీ జట్టులో ఆ బుడ్డయ్య కూడా ఉన్నాడటగా? మా మోకాలి దాకా కూడా రాడు. మీకు ఇంకెవరూ దొరకలేదా?"

తురాయమ్మ తురాయి సర్రున లేచింది.

"ఎవర్నయ్యా అంటున్నావు? వాడు వెనక నుంచి వచ్చి నీలాంటి పొడుగుకాళ్లవాడి వీపెక్కుతాడు! అక్కణ్నుంచి ఎగిరి నీ నెత్తి మీది బంతి ఎత్తుకుపోతాడు! మూడు నెలలు నేర్చుకున్నాడు! నా కళ్లతో చూశాను!"

పొడుగప్ప నోరు తెరిచి, మళ్లీ మూశాడు. ఈసారి కంగారూల వైపు నుంచి "ఖాళీ!" అని కేకలు. పొడుగప్ప తలవంచుకుని దుంగ దిగాడు. బొరియల తాత "తర్వాత" అనడం మర్చిపోయి తురాయమ్మ వైపే చూస్తూ ఉండిపోయాడు.

తురాయమ్మ గాల్లో తేలిపోతూ ఇంటికి వెళ్లింది. కొమ్మ మీద వాలాక గానీ ఒట్టు గుర్తు రాలేదు. బుడ్డయ్యకి చెప్పాలా? చెబితే తిడతాడు. "పొడుగప్పకి అంత ఆలోచన ఎక్కడుందిలే" అనుకుని తల రెక్క కింద పెట్టుకుని పడుకుంది. చెప్పి ఉంటే బాగుండేది కదూ? నాకూ అదే కోపం.

మర్నాడు మ్యాచ్. మొదటి అవకాశం రాగానే బుడ్డయ్య ఈము వెనక నుంచి దూసుకొచ్చాడు. కాలు లేపాడు. ఈము ఏం చేసిందనుకున్నారు? చటుక్కున కూర్చుంది! గుడ్ల మీద ఎనిమిది వారాలు కూర్చునే జాతికి కూర్చోవడం ఒక లెక్కా? కాలు మోపడానికి వీపు లేక బుడ్డయ్య వెళ్లి బురదలో పడ్డాడు.

రెండోసారి ఇంకో ఈము కూర్చుంది. ఆట చూడ్డానికొచ్చిన బొరియల తాత పొట్ట మీద పడ్డాడు బుడ్డయ్య.

ఆఖరి నిమిషం. కంగారూలు అయిదు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతి గుంజల ముందుకి వస్తోంది. బుడ్డయ్య పట్టి తన్నితే ఆరు పాయింట్లు, గెలుపు. ప్రాణం పెట్టి పరుగెత్తాడు. ఎగిరాడు. ఈము కూర్చుంది. మధ్య గుంజల నడుమ నుంచి బుడ్డయ్య దూసుకుపోయాడు. బంతి మాత్రం వెళ్లలేదు.

ఈములు గెలిచాయి. గెలిచినవాళ్లు ఆ రోజు బాగా ఆడినవాళ్లకి తుమ్మపూల దండ వెయ్యడం అక్కడి ఆచారం. పొడుగప్ప ఆ పచ్చటి దండ పట్టుకుని మైదానమంతా దాటి, తిన్నగా తురాయమ్మ దగ్గరికి వచ్చాడు.

"మావాళ్లు పరుగెత్తారు, తన్నారు. గెలిపించింది మాత్రం నువ్వేనమ్మా" అని దండ ఆమె మెడలో వేశాడు.

అందరూ చూశారు. బుడ్డయ్య కూడా చూశాడు. ఒంటి నిండా బురదతో మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు.

"పిన్నీ, నువ్వేనా?"

"నేనేరా."

బుడ్డయ్య అరవలేదు, తిట్టలేదు. వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నయమనిపించింది తురాయమ్మకి. సిగ్గుతో ఆమె తురాయి వాలిపోయింది. ఆ దండతోనే కెప్టెన్ దగ్గరికి వెళ్లి, "తప్పు వాడిది కాదయ్యా, నాది" అని జరిగిందంతా చెప్పింది. కెప్టెన్ చాలాసేపు ఆలోచించి, "అయితే వాడికి ఇంకొక్క ఏడాది" అన్నాడు.

మర్నాటి నుంచి తురాయమ్మ ఎప్పటిలాగే గుట్ట మీదికి వెళ్లింది. బుడ్డయ్య చాలా రోజులు పలకలేదు. చివరికి ఒకరోజు, "పిన్నీ, బంతి తొయ్యి. తోశాక అటు తిరిగి కూర్చో" అన్నాడు.

తురాయమ్మ తోసింది. అటు తిరిగింది. ఎన్ని నెలలు! తిరిగి చూద్దామని మెడ లాగేది. ఒక్కసారి కూడా చూడలేదు. చెవులు మాత్రం ఎవరు మూసుకోగలరు? ముందు దబదబా పరుగు. తర్వాత టక్కున ఆగడం. తర్వాత బంతి చేతిలో పడ్డ చప్పుడు. మోడు మీద కాలు మోపిన శబ్దమే లేదు. తురాయమ్మకి అంతా అర్థమైంది. ఎగరబోయినట్టు వస్తాడు. ఈము కూర్చుంటుంది. బుడ్డయ్య ఎగరడు, ఆగిపోతాడు! కూర్చున్న ఈము నెత్తి మీద బంతి బుడ్డయ్యకే అందుతుంది.

మళ్లీ మ్యాచ్ రోజులు వచ్చాయి. మళ్లీ మాటల దుంగ. రెండు సాయంత్రాలు ఎలాగో గడిచాయి. మూడో సాయంత్రం పొడుగప్ప వంగి, తియ్యగా అడిగాడు.

"ఏం తురాయమ్మా, ఈసారి బుడ్డయ్యతో ఏం పని? మేం కూర్చోవడానికి తయారుగా ఉన్నాం. వాడు కొత్తగా ఏమైనా నేర్చాడా?"

తురాయి సర్రున లేచింది. ముక్కు తెరుచుకుంది. ఒక్క మాట చాలు, పొడుగప్ప నోరు మూతపడుతుంది. తురాయమ్మ పక్కనున్న జామాయిల్ కాయని తెంపి గబుక్కున నోట్లో పెట్టుకుంది.

"ఖాళీ! ఖాళీ!" అని ఈములు వాగు దద్దరిల్లేలా అరిచాయి. కూకబరా పడీపడీ నవ్వింది. తురాయమ్మ కాయ నములుతూ, తలవంచుకుని, దుంగ దిగిపోయింది. చెట్ల చాటున నిలబడి బుడ్డయ్య ఇదంతా చూశాడు.

పొద్దున్నే, మ్యాచ్‌కి ముందు ఆఖరి సాధన. తురాయమ్మ బంతి తోసి, అలవాటుగా అటు తిరిగింది.

"పిన్నీ, నిన్న నా వల్లే నీకు తలవంపులు. నీకేమీ తెలియనివ్వలేదు కాబట్టి ఏమీ చెప్పలేకపోయావు" అన్నాడు బుడ్డయ్య.

తురాయమ్మ తిరక్కుండానే అంది. "తెలియకేంరా? దబదబా పరుగు, టక్కున ఆగడం. రెండు నెలల కిందటే తెలుసు."

"మరి నిన్న చెప్పలేదేం?"

"నోట్లో కాయ ఉందిగా."

బుడ్డయ్య బంతి పట్టుకుని గుట్ట ఎక్కి వచ్చాడు.

"పిన్నీ, ఇటు తిరుగు" అన్నాడు. "ఇక ఎప్పుడూ అటు తిరగక్కర్లేదు."

మరి మ్యాచ్‌లో ఏమైందంటారా? నాకు తెలుసు. కానీ బుడ్డయ్య ఎవరికీ చెప్పొద్దన్నాడు, నా నోట్లోనూ కాయ ఉంది.

నీతి: ఒకరు మనల్ని నమ్మి చెప్పిన మాటని, మన వాదన గెలవడానికి వాడుకోకూడదు.