వెచ్చగా తగిలిన రాయి

ఇది ఎప్పటి మాటో చెప్తాను వినండి పిల్లలూ. అప్పట్లో పిట్టలకి మాటలుండేవి. కాకపోతే ఆగి విన్నవాళ్లకే అర్థమయ్యేవి. ఆగేవాళ్లు అప్పుడూ తక్కువేలెండి.

ఆ కాలంలో పురందరవర్మ అని ఒక రాజుగారు. మంచివాడే, కాస్త ఆకలికి ఆగలేడు, అంతే. ఆయన తన రాజ్యంలో ఒక అడవిని జనం కోసం వదిలేశాడు. అక్కడ చెట్టు కొట్టకూడదు, వేటాడకూడదు. తొలకరి పడ్డాక ఎవరైనా వెళ్లొచ్చు, వండుకు తినొచ్చు, ఆడుకోవచ్చు.

ఆ అడవిలో ఒక తీతువు పిట్ట ఉండేది. అది గూడు కట్టదు. నేలమీద నాలుగు గులకరాళ్లు పక్కకి జరిపి, వాటి మధ్యే గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా అచ్చం రాళ్లలాగే మచ్చలమచ్చలుగా ఉంటాయి.

పక్క చెట్టు మీద గువ్వ ఎగతాళి చేసేది. "మేమంతా కొమ్మల మీద కాపురాలు పెడితే, నువ్వేంటే దారిలో కూర్చున్నావు?"

"నా కాళ్లకి కొమ్మ పట్టు దొరకదు అక్కా," అనేది తీతువు. "ఈ నేలే నాకు ఇల్లు."

మొదట శరభయ్య అనే వ్యాపారి బండ్లు కట్టుకుని, ఇంటిల్లిపాదితో వనభోజనానికి వచ్చాడు. తీతువు ఎదురెళ్లి, "బండి ఇటు తిప్పకండయ్యా, నా గుడ్లున్నాయి!" అని అరిచింది.

"ఛీ ఛీ, తీతువు కూసింది! అపశకునం. తోలండర్రా దాన్ని!" అన్నాడు శరభయ్య.

బండి చక్రం గుడ్ల మీంచి వెళ్లిపోయింది. ఇంకేం చెప్పను.

పాపం, కొన్నాళ్లకి ఇంకో చోట మళ్లీ పెట్టింది. ఈసారి సైనికులు వచ్చి అక్కడే చెడుగుడు మొదలెట్టారు. "ఇక్కడొద్దు బాబూ, ఇక్కడొద్దు!" అంటూ తలల మీద తిరిగింది. వాళ్లు దాని గొంతు అనుకరించి పకపకా నవ్వారు. ఆట అయ్యేసరికి గుడ్లు లేవు.

మూడోసారి పెట్టింది. వానాకాలం అయిపోవస్తోంది. ఇవీ పోతే ఆ ఏడాదికి ఇక పిల్లల్లేనట్టే.

సరిగ్గా అప్పుడే రాజుగారే పరివారంతో వచ్చారు. వంటకి తిరపమ్మని తెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా రాజుగారి వంటింట్లో గరిటె తిప్పిన మనిషి.

సన్నగా తుంపర పడుతోంది. తిరపమ్మ మూడు రాళ్లు తెచ్చి పొయ్యి పేర్చింది. గుండిగ పెడితే ఒక పక్కకి ఒరిగింది. కింద ఊతానికి చిన్న రాయి కావాలి కదా, వంగి నేల తడిమింది. ఒకటి చేతికొచ్చింది.

అన్ని రాళ్లూ చల్లగా తడిసి ఉన్నాయి. ఇదొక్కటే వెచ్చగా ఉంది!

పైన తీతువు గొంతు చించుకుంటోంది. తిరపమ్మ ఆగింది. తలెత్తి అడిగింది. "ఏంటమ్మా, ఏమైంది?"

"అది రాయి కాదమ్మా! నా బిడ్డ!"

"తిరపమ్మా, ఇంకా పొగ లేవలేదే? కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి!" రాజుగారు వచ్చేశారు. వెనకే మంత్రిగారు. "ముందు ఆ అపశకునపు పిట్టని కొట్టాలి ప్రభూ," అంటూ మట్టిగడ్డ తీశాడు.

తిరపమ్మ అడ్డం నిలబడింది. "ఇక్కడ పొయ్యి వెలిగించను ప్రభూ."

"నిన్ను వంట చెయ్యమన్నానా, పిట్టలకి కాపలా కాయమన్నానా?"

తిరపమ్మ కదల్లేదు. "రేపట్నుంచి వంటింట్లోకి రావద్దన్నా సరే. ఇది ఆ పిట్టమ్మ ఇల్లు ప్రభూ. మనం చుట్టాలుగా వచ్చాం. ఒక్కసారి మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

రాజుగారి అరచేతిలో ఆ గుడ్డు పెట్టింది.

లోపలి నుంచి టిక్... టిక్... అని ఎవరో తడుతున్నారు. కత్తి పట్టి కాయలు కాసిన చెయ్యి అది. దూదిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"బయటికి వస్తానంటున్నాడే," అన్నారు గుసగుసగా. గుడ్డు ఎక్కడిదక్కడ తనే పెట్టారు. మంత్రి చేతిలో మట్టిగడ్డ ఇంకా ఉంది. "అది కింద పడెయ్యవయ్యా... అబ్బ, మెల్లిగా!"

గుండిగ ఎత్తుకుని అందరూ మునివేళ్ల మీద దూరంగా రాతి చట్టు దగ్గరికి వెళ్లారు. తుంపరకి కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు. రాజుగారు అటుకులూ బెల్లమూ తిన్నారు. ఇంత కమ్మటి భోజనం ఎప్పుడూ తినలేదన్నారు.

సాయంత్రం బయల్దేరే వేళకి నాలుగు పిల్లలు, ఇంకా ఆరని ఒంటితో, పొడుగు కాళ్ల మీద తూలుకుంటూ దారి దాటాయి. వెనకాల తల్లి. రాజుగారి రథం ఆగింది. ఆఖరి పిల్ల గడ్డిలోకి వెళ్లేదాకా ఎవరూ కళ్లెం కదపలేదు.

అందుకే పిల్లలూ, మనం సరదాగా గడపడానికి వెళ్లిన చోటు ఇంకొకరి కాపురం అని గుర్తుపెట్టుకుని, ఆగి చూసి మరీ అడుగు వెయ్యాలి.