ఎరుకయ్య వేయని కేక

అనగనగా ఒక కోట. రాళ్ళూ కందకాలూ ఉన్న కోట కాదర్రా, పైడితల్లి అనే చిన్నపిల్ల ఒళ్ళే ఆ కోట. నవ్వకండి, మీ ఒళ్ళూ అలాంటి కోటే.

ఆ కోటలో కావలివాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఒక్కొక్కడు ఒకే ఒక్క దొంగ ముఖం గుర్తుపెట్టుకోవాలి. ఆ దొంగ కనబడితే "దొంగ!" అని కేక వేయాలి. కేక వేసినవాడికి అచ్చం తనలాంటి తమ్ముళ్ళు వేలమంది పుట్టుకొస్తారు. అందరూ కలిసి దొంగని మట్టుపెడతారు. పని అయ్యాక తమ్ముళ్ళు కన్నుమూస్తారు. ఆ ముఖం మరిచిపోకుండా ఒక్కడు మిగులుతాడు.

పైడితల్లికి పసితనంలో తట్టు పోసింది. ఆ దొంగతో జరిగిన పోరులో మిగిలినవాడే ఎరుకయ్య. జ్వరమొస్తే మెడ పక్కన బిళ్ళ కడుతుందే, అక్కడ వాడి కాపలా.

ఏళ్ళు గడిచాయి. తట్టు మళ్ళీ రాలేదు. ఎరుకయ్యని పలకరించే దిక్కు లేదు. పోయిన తమ్ముళ్ళని తలుచుకుంటూ, తనతో తనే మాట్లాడుకునేవాడు. ఎంత దిగులో పాపం!

ఒకనాడు గాలితో వీధిదుమ్ము వచ్చింది. ఎరుకయ్య ఆశగా లేచి చూశాడు. ఆ ముఖం కాదు. మళ్ళీ కూర్చున్నాడు.

ఇంకోనాడు పూల పుప్పొడి వచ్చింది. పక్క కావలివాడు తొందరయ్య మంచీ చెడూ చూడకుండా "దొంగ!" అని అరిచేశాడు. ఇంకేముంది! వేలమంది తమ్ముళ్ళు, ఒకటే సందడి. పైడితల్లికి ముక్కు ఏరులా కారింది, కళ్ళు వాచిపోయాయి.

"చూశావా బావా, ఎంత కళకళలాడుతోందో! నువ్వూ ఒక కేక వేసెయ్, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు తొందరయ్య.

ఎరుకయ్య ఆ సందడి వైపు ఆశగా చూశాడు. అయినా మళ్ళీ తన కాపలాకే తిరిగాడు.

మూడోసారి ఒక ముసలి పనివాడు అటుగా వచ్చాడు. ఆ కోటలోనే పుట్టి, ఆ కోటకే చాకిరీ చేసినవాడు. కానీ వాడి ముఖంలో తట్టు పోలిక కాస్త ఉంది. కాస్తే! ఎరుకయ్యకి కేక గొంతుదాకా వచ్చింది. అరిస్తే చాలు, ఈ ఒంటరి బతుకు తీరిపోతుంది. కానీ పుట్టిన తమ్ముళ్ళు ఈ ముసలాణ్ణీ, వాడి వాళ్ళందర్నీ చంపేస్తారు.

"ఏం నాయనా, అలా చూస్తున్నావు? నేను ఇక్కడివాణ్ణే" అన్నాడు ముసలివాడు.

ఎరుకయ్య బావురుమన్నాడు. "వెళ్ళు తాతా! నా మనసు మారకముందే తొందరగా వెళ్ళు!"

ఆ తర్వాత బడిలో పక్కన కూర్చున్న పిల్ల దగ్గింది. ఆ తుంపరలో ఎక్కి తట్టు వచ్చింది. ఎరుకయ్య చూశాడు. అదే ముఖం! "దొంగ!" అని కోట దద్దరిల్లేలా కేక పెట్టాడు. వేలమంది తమ్ముళ్ళు లేచారు. దొంగ గడప దాటకముందే హతమయ్యాడు. పైడితల్లి ఒంటిమీద ఒక్క పొక్కు కూడా లేవలేదు. "అమ్మా, ఆకలేస్తోంది" అంటూ అన్నానికి కూర్చుంది.

కట్టుబాటు ప్రకారం తమ్ముళ్ళు ఒక్కొక్కరే ఒరిగిపోయారు. చివరివాడు అడిగాడు: "అన్నా, మళ్ళీ ఒక్కడివే అయిపోతావు కదా. భయం లేదా?"

"ఉందిరా" అన్నాడు ఎరుకయ్య, వాడి తల ఒళ్ళో పెట్టుకుని. "నువ్వు పడుకో. నేను చూసుకుంటాను."

అందుకే పెద్దలంటారు: తోడు లేకుండా ఎలాగో బతకవచ్చు గానీ, తోడు కోసం తనవాణ్ణి దొంగ అనకూడదు.